తక్కువ ఖర్చులో పాతకాలపు హాట్ రాడ్ పికప్ కట్టడం ఎలా

హాట్ రాడ్ (పాత బండిని విప్పి, వేగం కోసం మార్చి కట్టినది) అనగానే లక్షల డాలర్ల షో కార్లు గుర్తొచ్చి చాలామంది ఆదిలోనే వెనక్కి తగ్గుతారు. కానీ ఇది జేబులో డబ్బుల్లేని కుర్రాళ్లు మొదలుపెట్టిన పని. 1930లలో దక్షిణ కాలిఫోర్నియాలో పాతబడిన ఫోర్డ్ మోడల్ టి, మోడల్ ఎ బళ్లు చవగ్గా దొరికేవి. వాటి మడ్‌గార్డులు ఊడదీసి, బరువు తగ్గించి, పాత సామాన్ల షెడ్డులో దొరికిన పెద్ద ఇంజను పెట్టి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద పరిగెత్తించేవాళ్లు. ఆ పందేల్ని ఓ పద్ధతిలో నడపడానికి 1937లో ఎస్‌సీటీఏ అనే సంఘం పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు చేరాక ఈ పిచ్చి దేశమంతా పాకింది. ఇప్పుడు ‘ట్రెడిషనల్’ అంటున్నది ఆ కాలపు తీరునే. సుమారు 1965కి ముందు ఒక కుర్రాడు తన షెడ్డులో ఎలా కట్టుకునేవాడో, బండి అలా కనిపించాలి.

అమెరికాలో ఉంటూ, ఇంటికి రెండు కార్ల గరాజు ఉండి, వారాంతంలో చేతులకు పని చెప్పాలనుకునే తెలుగువాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇండియాలో ఇలా చేయాలనుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి అక్కడ అనుమతి లేదు.

ఖర్చు గురించి ముందే ఒక మాట. ఈ పనిలో డబ్బు ఎక్కువగా పోయేది ఒకసారి చేసిన పని విప్పి మళ్లీ చేయడం దగ్గరే. అందుకే ఏ పని తర్వాత ఏ పని అన్న వరస మీదే ఎక్కువ రాస్తాను. అన్నీ కలిపి పన్నెండు నుంచి పదిహేను వేల డాలర్లు అనుకుని దిగండి. రెండేళ్ల మీద పంచితే నెలకు ఐదారు వందలు. అందులో సగం బ్రేకులు, స్టీరింగు, టైర్లు, ఇంజనుకే పోతుందని రాసి పెట్టుకోండి.

ముందు కాగితం, తర్వాతే ఇనుము

నా ఓటు 1928-31 మోడల్ ఎ క్లోజ్డ్ క్యాబ్ పికప్‌కి. గట్టి టాప్ లేని రోడ్‌స్టర్, రెండు తలుపుల కూపేల మీద జనానికి మోజెక్కువ, వాటి ధర కూడా అలాగే ఉంటుంది. పికప్ క్యాబిన్ చిన్నది, రేకు పని తక్కువ, వెనుక తొట్టి మీరే కట్టుకోవచ్చు. ఫోర్డ్ 1927 నుంచి 1931 వరకు దాదాపు 49 లక్షల మోడల్ ఎ బళ్లు తయారుచేసింది కాబట్టి పార్టులకు ఇప్పటికీ కొరత లేదు. ఒహాయోలోని బ్రూక్‌విల్ లాంటి కంపెనీలు కొత్త ఉక్కు బాడీలు, ప్యానెళ్లు చేసి అమ్ముతున్నాయి.

కొనేముందు క్యాబిన్‌లో ఒకసారి కూర్చోండి. అది చాలా ఇరుకు. ఆరడుగుల మనిషికి మోకాళ్లు డ్యాష్‌ను తాకుతాయి. బండి పూర్తయ్యాక తెలుసుకోవాల్సిన సంగతి కాదిది. మీకు పట్టకపోతే 1948-52 ఫోర్డ్ ఎఫ్-1 గానీ, 1947-55 మధ్య షెవ్రొలే పికప్ గానీ చూసుకోండి. కింద చెప్పిన వరస వాటికీ సరిపోతుంది.

ఇక టైటిల్, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం. మోడల్ ఎకి ఇంజను నంబరే బండి నంబరు. అదే నంబరును ఛాసిస్‌లో ఎడమవైపు పట్టీ పైభాగాన, క్యాబిన్ ముందుభాగం కూర్చునే చోట కొట్టి ఉంటారు. బాడీ దాని మీదే ఉంటుంది కాబట్టి మామూలుగా కనిపించదు. బాడీ విప్పి ఉన్న ప్రాజెక్టు అయితే వైర్ బ్రష్‌తో అక్కడ తుప్పు గీకి, టార్చి లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. అంకెలు, వాటికి రెండు పక్కలా నక్షత్రాల్లాంటి గుర్తులు కనిపించాలి. అవి టైటిల్ మీద నంబరుతో కలవకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. ‘బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం రసీదు) ఇస్తాను, టైటిల్ సులువుగా వచ్చేస్తుంది’ అని అమ్మేవాడు అన్నాడంటే, అంత సులువైతే అతనే తెచ్చిపెట్టి ఇంకాస్త ఎక్కువకు అమ్ముకునేవాడు కదా అని ఆలోచించండి. ఒక బండి నంబరు కోసి ఇంకో బండికి అతికించడం నేరం.

కొత్తగా ట్యూబులతో ఛాసిస్ కట్టడం తేలికే, బలంగానూ ఉంటుంది. కానీ చాలా రాష్ట్రాల్లో అప్పుడది ‘అసెంబుల్డ్ వెహికల్’ లెక్కలోకి పోతుంది. తనిఖీలు, కొత్త నంబరు, ఫారాలు అన్నీ వెంటపడతాయి. కాలిఫోర్నియాలో అయితే ఎస్‌బీ 100 అనే చట్టం కింద ఇలాంటి బళ్లకు పొగ పరీక్షలో వెసులుబాటు ఉంది, అదీ ఏటా మొదటి 500 బళ్లకే. అందుకే నంబరున్న అసలు ఛాసిస్‌నే ఉంచుకుని బలపరచమంటాను. మీ రాష్ట్రం రూల్సు మోటారు వాహనాల ఆఫీసులో అడిగి, వీలైతే రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే డబ్బు కట్టండి.

మీ కాలనీకి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే ఆ కాగితాలూ చదవండి. డ్రైవ్‌వేలో విప్పిన బండి పెట్టనివ్వరు. బండి ఎప్పుడూ చక్రాల మీద, గరాజు లోపలికి తోసుకునే స్థితిలో ఉండేలా పని ప్లాన్ చేసుకోవాలి.

చక్రాలతో మొదలుపెట్టండి

చాలామంది ఇంజనుతో మొదలుపెడతారు. నేను ముందు చక్రాలు, టైర్లు కొనమంటాను. బండి ఎంత ఎత్తులో, ఎంత వాలుతో నిలబడుతుందో తేలేవరకు ఛాసిస్ ఎక్కడ కోయాలో, ఇంజను ఎక్కడ కూర్చోవాలో, పెడల్ ఎక్కడ పెట్టాలో ఏదీ తేలదు. హాట్ రాడ్ అందమంతా దాని నిలబాటులో ఉంది. వెనుక టైరు పెద్దది, ముందు టైరు చిన్నది, ఛాసిస్ ముందుకు ఒకటి రెండు డిగ్రీలు వాలి ఉండాలి.

పాతకాలపు బయాస్ ప్లై టైర్లు చూడ్డానికి బాగుంటాయి గానీ ఖరీదు. తక్కువలో కావాలంటే ముందు వోక్స్‌వేగన్ బీటిల్‌కు వేసే 165/80 ఆర్15, వెనుక పికప్‌లకు వేసే 235/75 ఆర్15 తీసుకోండి. ముందు టైరు ఎత్తు పాతిక అంగుళాలు దాటుతుంది, వెనుకది 29 అంగుళాలకు దగ్గరగా ఉంటుంది. మామూలు 15 అంగుళాల ఉక్కు రిమ్ములకు ఒకే రంగు వేసి చిన్న హబ్ క్యాపులు పెడితే ఆ కాలపు రూపం వచ్చేస్తుంది. ఇవి రేడియల్ టైర్లు, వీటితో బయాస్ ప్లై టైర్లు కలిపి మాత్రం వేయకండి.

టైర్లు వచ్చాక క్యాబిన్, రేడియేటర్ షెల్, తొట్టి, ఖాళీ ఇంజను బ్లాకు, అన్నిటినీ చెక్క దిమ్మల మీద వాటి వాటి చోట్ల నిలబెట్టండి. ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఫోటో తీసి చూడండి, ఎదురుగా నిలబడి చూసినప్పుడు దొరకని వంకర ఫోటోలో దొరుకుతుంది. క్యాబిన్‌లో పెట్టె వేసుకుని కూర్చుని స్టీరింగు పట్టుకున్నట్టు, పెడల్ తొక్కినట్టు చేసి చూడండి. రెండు మూడు వారాలు అలాగే వదిలేసి, మార్చాలనిపించిన ప్రతిసారీ మార్చండి. దిమ్మ జరపడానికి పైసా ఖర్చు కాదు, వెల్డ్ చేసింది కోయాలంటే అవుతుంది.

ఈ దశలో టాప్ కోసి కిందికి దించాలని, క్యాబిన్‌ను ఛాసిస్ మీదికి ఇంకా దింపాలని కోరిక పుడుతుంది. ఇరుకు క్యాబిన్‌లో రెండోది చేస్తే కాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు. టాప్ కోత తర్వాత కూడా చేసుకోవచ్చు. మోడల్ ఎ అద్దాలన్నీ చదునైనవి, కొలతిస్తే ఏ గ్లాసు షాపులోనైనా లామినేటెడ్ అద్దం కోసిస్తారు. మొదటి బండికి రెండూ వద్దు.

ఛాసిస్

మోడల్ ఎ ఛాసిస్ 40 గుర్రాల నాలుగు సిలిండర్ల ఇంజను కోసం చేసింది. సి-ఆకారపు పలచటి పట్టీ అది. వి-8 పెట్టాలంటే ఆ సి నోరు మూస్తూ లోపలి వైపు 3/16 అంగుళాల ప్లేటు వెల్డ్ చేసి డబ్బాలా మార్చాలి. మధ్యలో కొత్త అడ్డకమ్మీ కూడా కావాలి.

ముందు నేల సంగతి చూసుకోండి. గరాజు నేల నీళ్లు పోవడానికి తలుపు వైపు వాలుగా పోసి ఉంటుంది. అందుకే నేలను నమ్మి కొలవకండి. నాలుగు బలమైన స్టాండ్ల మీద రెండు తిన్నని ఇనుప ట్యూబులు పరిచి, కింద రేకు ముక్కలు పెడుతూ రసమట్టంతో మట్టం చేయండి. ఛాసిస్‌ను దాని మీద బిగించి మధ్యగీత కోసం దారం లాగండి. ముందు ఎడమ మూల నుంచి వెనుక కుడి మూలకు, ముందు కుడి నుంచి వెనుక ఎడమకు టేపు పట్టి కొలవండి. రెండు కొలతల మధ్య తేడా 1/16 అంగుళం దాటకూడదు. దాటితే ఛాసిస్ పక్కకు ఒరిగి ఉంది. ఆ ఒరుగు సరిచేయకుండా ప్లేట్లు వెల్డ్ చేస్తే వంకర శాశ్వతమైపోతుంది.

వెల్డింగ్ చిన్న చిన్న ముక్కలుగా వేయండి. ఎడమ పట్టీకి రెండంగుళాలు, తర్వాత కుడి పట్టీకి రెండంగుళాలు, మళ్లీ దూరంగా ఇంకోచోట. ఒకే దగ్గర పొడుగ్గా లాగితే వేడికి పట్టీ అరటిపండులా వంగుతుంది. మామూలు ప్లగ్గుకు పెట్టే చిన్న మిగ్ వెల్డింగ్ మెషిన్ బాడీ రేకుకు సరిపోతుంది. ఛాసిస్‌కు 220 వోల్టులది కావాలి. మీకు వెల్డింగ్ కొత్తయితే ఖర్చు తగ్గించే మంచి దారి ఒకటుంది. కోయడం, అమర్చడం, చుక్కలు పెట్టి నిలపడం అంతా మీరే చేసి, చివరి వెల్డింగ్‌కు సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌ను పిలవండి. అంతా సిద్ధంగా ఉంటే ఒక పూటలో అయిపోతుంది. స్టీరింగు, సస్పెన్షన్ బ్రాకెట్ల దగ్గర ఇదే చేయండి.

ప్రాణం మీదికి తెచ్చే విషయం ఇంకోటి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. వెల్డింగుకు ముందు అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ డబ్బా దూరంగా పెట్టాకే మెషిన్ ఆన్ చేయండి.

ముందు యాక్సిల్, స్టీరింగు

ఇక్కడ పొదుపు చేయకండి. పాత ఫోర్డ్ ఐ-బీమ్ యాక్సిల్, దాని మీద అడ్డంగా కూర్చునే ఒక్క కమాను, యాక్సిల్ ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టే విష్‌బోన్ రాడ్‌ను రెండుగా చీల్చి ఛాసిస్‌కు పక్కల బిగించడం, ఇదీ ఆ కాలపు పద్ధతి. నాలుగు అంగుళాల డ్రాప్ (బండి కిందికి దిగేలా యాక్సిల్‌లో ఉండే వంపు) ఉన్న యాక్సిల్ కొత్తదే కొనండి. కింగ్ పిన్నులు (ముందు చక్రాలు తిరిగే ఇరుసు పిన్నులు), బుష్‌లు, రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ చివర్లు కూడా కొత్తవే.

స్టీరింగు బాక్సుగా 1971-77 షెవ్రొలే వేగా కారుది చిన్నగా, తేలిగ్గా ఉంటుంది. కొత్తగా తయారైనవీ దొరుకుతాయి. దాన్ని ఎడమ పట్టీ మీద బిగించి, అక్కడి నుంచి డ్రాగ్ లింకు అనే రాడ్‌ను అడ్డంగా కుడి చక్రానికి లాగుతారు. ఇలా చేసినప్పుడు యాక్సిల్‌ను పక్కకు జరగకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ తప్పనిసరి. అడ్డ కమాను తన షాకిళ్ల (కమాను చివర్లను పట్టే ఊగే కొక్కేలు) మీద అటూ ఇటూ ఊగుతుంది. పాన్‌హార్డ్ రాడ్ లేకపోతే మీరు స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే ముందు యాక్సిలే పక్కకు జరుగుతుంది. ఆ రాడ్డును స్టీరింగు డ్రాగ్ లింకుకు సమాంతరంగా, దాదాపు అదే పొడవులో పెట్టాలి. అప్పుడు గుంతలో పడ్డా రెండూ ఒకే చాపంలో కదిలి, స్టీరింగు దానంతట అది లాగదు.

కొలతలు గుర్తుంచుకోండి. క్యాస్టర్ ఆరు ఏడు డిగ్రీలు, అంటే కింగ్ పిన్ను పైభాగం వెనక్కి వాలాలి. ఇది తక్కువైతే బండి రోడ్డు మీద తేలిపోతున్నట్టు ఉంటుంది. టో-ఇన్, అంటే ముందు టైర్ల ముందు అంచులు వెనుక అంచుల కంటే ఎంత దగ్గరగా ఉన్నాయన్నది, రేడియల్ టైర్లకు 1/16 నుంచి 1/8 అంగుళం. ఇక మలుపులో రెండు ముందు చక్రాలూ సరిగ్గా తిరిగేలా చేసే అకర్మాన్ కోణం. కింగ్ పిన్ను మధ్య నుంచి టై రాడ్ బోల్టు మధ్య గుండా ఒక దారం వెనక్కి లాగండి, రెండోవైపు కూడా అలాగే. ఆ రెండు దారాలూ వెనుక యాక్సిల్ మధ్యలో, డిఫరెన్షియల్ దగ్గర కలవాలి. కలవకపోతే మలుపులో ఒక టైరు ఈడ్చుకుంటూ వస్తుంది.

స్టీరింగు కాలమ్‌కు రెండు జాయింట్లతో సరిపెట్టుకోగలిగితే మంచిది. మూడో జాయింటు పెట్టాల్సి వస్తే మధ్య షాఫ్టుకు సపోర్టు బేరింగు ఉండి తీరాలి. ప్రతి బోల్టూ గ్రేడ్ 8, ప్రతి క్యాజిల్ నట్టుకూ కొత్త కాటర్ పిన్ను. అన్నీ బిగించాక బండి పక్కన పడుకుని చూడండి. రిమ్ము అడుగు అంచు కంటే కిందికి ఏ రాడ్డూ, బ్రాకెట్టూ, సంపూ వేలాడకూడదు. టైరు పగిలినప్పుడు బండి రిమ్ము మీద నిలుస్తుంది. అప్పుడు రోడ్డును తాకేది రిమ్మే అవ్వాలి, స్టీరింగు రాడ్డు కాదు.

బ్రేకులు

మోడల్ ఎకి రాడ్లతో లాగే మెకానికల్ బ్రేకులు. వి-8కి అవి చాలవు. ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులకు వచ్చింది 1939లో. ఆ ఏడాది నుంచి 1948 వరకు వచ్చిన కారు డ్రమ్ములు గానీ, 1948-52 ఎఫ్-1 పికప్ డ్రమ్ములు గానీ ముందు పెట్టుకుంటే పాతకాలపు రూపం చెడదు. రెండో రకం ఇంకా బాగా పడతాయి. వెనుక బ్రేకులు వెనుక యాక్సిల్‌తోనే వస్తాయి. ఫోర్డ్ మావెరిక్‌లో వచ్చిన 8 అంగుళాల యాక్సిల్ సుమారు 56-57 అంగుళాల వెడల్పు కాబట్టి కోయకుండానే సరిపోతుంది.

మాస్టర్ సిలిండర్ రెండు గదులది పెట్టండి, పాత ఒంటి గది సిలిండర్ వద్దు. ఒంటి గది అయితే ఒక పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే పోతాయి. సిలిండర్ క్యాబిన్ నేల కింద ఉంటుంది కాబట్టి డ్రమ్ము లైన్లలో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే 10 పీఎస్‌ఐ రెసిడ్యువల్ వాల్వు కావాలి. సిలిండర్‌లోనే ఆ వాల్వు ఉందేమో ముందు చూసుకోండి. పెడల్ నిష్పత్తి ఆరుకు ఒకటి.

పైపులకు నికెల్-కాపర్ ట్యూబు వాడండి. చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు. చివర్లు డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే గరాటులా విప్పి అంచును లోపలికి రెండో మడత వేయాలి. చేసిన ప్రతి చివరనూ భూతద్దంతో చూడండి. అంచు చుట్టూ ఒకే మందం ఉండి, మధ్య రంధ్రం నడిమధ్యన ఉండాలి. సన్నటి పగులు గీత కనిపించినా, ఒక పక్కకు లాగినట్టున్నా కోసి పారేయండి. ఆ ముక్క ఖరీదు అర డాలరు కూడా ఉండదు. హ్యాండ్ బ్రేకు కూడా మరవకండి.

ఇంజను

ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి-8 ఈ బళ్లకు ఆత్మలాంటిది. 1932లో 221 ఘనపు అంగుళాలు, 65 గుర్రాలతో వచ్చి 1953 దాకా అమెరికాలో నడిచింది. నాకూ అదే ఇష్టం. కానీ తక్కువ బడ్జెట్‌కు అది కుదరదు. వాల్వు దగ్గర్నుంచి సిలిండర్ దాకా చాలా బ్లాకులు పగిలి ఉంటాయి, పగులు పరీక్ష చేయించకుండా కొంటే బండ ఇనుము కొన్నట్టే.

1955లో మొదలైన షెవ్రొలే స్మాల్ బ్లాకు పెట్టినా అది ఆ కాలపు పద్ధతే. 283, 327 (ఘనపు అంగుళాలు) దొరికితే సంతోషం. దొరక్కపోతే 1986కి ముందు వచ్చిన 350 తీసుకోండి. ఆ తేదీకి కారణం ఉంది. 1986 నుంచి వెనుక సీలు మారి ఫ్లైవీలు వేరైంది, 1987 నుంచి వాల్వు కవర్ల బోల్టులు మధ్యకు వచ్చాయి. పాతకాలపు ఫిన్నులున్న అల్యూమినియం కవర్లు వాటికి పట్టవు. ముందర 1968 దాకా వాడిన పొట్టి వాటర్ పంపు పెడితే రేడియేటర్‌కు అంగుళం పైగా చోటు మిగులుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఇంజను వెనుక ఉంటుంది కాబట్టి ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్‌లో చిన్న గూడు చేయక తప్పదు. గేరుబాక్సుకు టర్బో 350 ఆటోమేటిక్ చవకైనది, గట్టిది.

ఇంజను మూడు డిగ్రీలు వెనక్కి వాలితే, వెనుక యాక్సిల్ పినియన్ (తిరిగే షాఫ్టు తగిలే ముందు ముక్కు) మూడు డిగ్రీలు పైకి చూడాలి. రెండూ సమాంతరం అవ్వాలి. బండి పూర్తి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఇది కొలవాలి, స్టాండ్ల మీద కాదు.

పెట్రోలు ట్యాంకు మోడల్ ఎలో మీ మోకాళ్ల పైన, డ్యాష్ వెనుక ఉంటుంది. దాన్ని ఖాళీ డబ్బాగా అలాగే ఉంచి, కొత్త ట్యాంకు తొట్టి కింద పెట్టండి. పాత ట్యాంకు ఎన్నేళ్ల నుంచి ఖాళీగా ఉన్నా దాని మీద వెల్డింగ్ చేయకండి. ఆవిరి చాలు పేలడానికి.

తొట్టి, రంగు, వైరింగు

తొట్టి అసలుది దొరికితే పది పన్నెండు అంగుళాలు పొట్టి చేసుకోండి, చూపు బాగుంటుంది. దొరక్కపోతే 16 గేజి రేకు కొలతల ప్రకారం మడత పెట్టించి తెచ్చుకుని, అడుగున చెక్క పలకలు పరవండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ల పని చూసినవాళ్లకు ఈ పని వెంటనే అర్థమవుతుంది. ముందు అడుగు అడ్డబద్దలు, తర్వాత పక్కలు, చివర్న వెనుక తలుపు.

క్యాబిన్‌లో తుప్పు ఎక్కువగా ఉండేది తలుపుల కింద, క్యాబిన్ మూలల్లో. ఆ ముక్కలు తయారుగా అమ్ముతారు. రంగు విషయంలో, ఉత్త ప్రైమర్‌తో వదిలేయడం ఆ కాలపు ఫ్యాషనే గానీ, మామూలు ప్రైమర్ తేమ పీల్చుకుంటుంది, లోపల తుప్పు మొదలవుతుంది. ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన సింగిల్ స్టేజ్ నలుపు కొట్టండి. దాన్ని కాస్త మసకగా ఉంచినా అందంగానే ఉంటుంది.

వైరింగు 12 వోల్టులకు మార్చుకోండి. పది పన్నెండు సర్క్యూట్ల తయారు హార్నెస్ (వైర్ల కట్ట) కొంటే ప్రతి లైనుకూ ఫ్యూజు ఉంటుంది.

రోడ్డెక్కే ముందు

బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి ఐదు నిమిషాలు అలాగే పట్టుకోండి. కిందికి జారితే ఎక్కడో కారుతోంది. స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ, ఇంకొకరిని కింద చూడమనండి. ఎక్కడా ఏదీ రాసుకోకూడదు, రాడ్డు మధ్య గీత దాటి వెనక్కి తిరగబడకూడదు.

మొదటిసారి ఖాళీ రోడ్డు మీద 20 మైళ్ల వేగం దాటకండి. వచ్చాక ప్రతి చక్రం డ్రమ్మును చేత్తో తాకి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేస్తోంది. వంద మైళ్లు తిరిగాక యు-బోల్టులు, విష్‌బోన్ బోల్టులు, చక్రాల నట్లు అన్నీ టార్క్ రెంచితో మళ్లీ బిగించి, ప్రతి నట్టు మీద పెయింటు గీత గీయండి. తర్వాత ఆ గీత జరిగి కనిపిస్తే నట్టు వదులైందని రెంచి పట్టకుండానే తెలుస్తుంది. ఇన్సూరెన్సు ‘అగ్రీడ్ వాల్యూ’ పద్ధతిలో, అంటే బండి వెల ముందే ఒప్పుకుని, తీసుకోండి. మామూలు పాలసీ ఈ బండికి తొంభై ఏళ్ల నాటి పాత వాహనంగానే వెల కడుతుంది. అందుకు మీరు దాచిన రసీదులు, పని చేస్తున్నప్పుడు తీసిన ఫోటోలు కావాలి, కాబట్టి మొదటి రోజు నుంచే వాటికి ఒక ఫోల్డరు పెట్టుకోండి.